కంప్యూటర్‌కు డిస్క్ ఎందుకు కనిపించదు? ఫార్మాట్‌కు ముందు చూడవలసినవి

క్లుప్తంగా: ఆన్ చేయగానే ‘నో బూటబుల్ డివైస్’ అని తెర మీద వచ్చినంత మాత్రాన హార్డ్ డిస్క్ పోయినట్టు కాదు. బయోస్ (విండోస్ కన్నా ముందు నడిచే, మదర్‌బోర్డు మీది చిన్న ప్రోగ్రాం) తెరలో డిస్క్ పేరు కనిపిస్తే లోపం చాలావరకు సెట్టింగుల్లోనో, బూట్ ఫైళ్లలోనో ఉంటుంది. పేరే లేకపోతే కేబుల్, కరెంటు, పోర్టు చూసి, ఆ తర్వాతే డిస్క్‌ను అనుమానించాలి. రెండు సందర్భాల్లోనూ ఫార్మాట్ మొదటి పని కాదు.

తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ చుట్టుపక్కల డీటీపీ, జిరాక్స్ సెంటర్లు, గదుల లెక్కలు రాసుకునే లాడ్జీలు, పెళ్లి ఆల్బమ్‌లు తయారుచేసే స్టూడియోలు, చిత్తూరులో బెల్లం మండీలు, మామిడి గుజ్జు ఫ్యాక్టరీల ఆఫీసులు. ఇలాంటి చోట్ల రోజువారీ పని ఇప్పటికీ డెస్క్‌టాప్ మీదే నడుస్తోంది. ఏళ్ల క్రితం అసెంబుల్ చేయించిన పెట్టెను పని జరుగుతున్నంత కాలం ఎవరూ విప్పి చూడరు. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగియడంతో ఆ పెట్టెలను కదిలించక తప్పడం లేదు. కొందరు పాత డిస్క్ పక్కన ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లేలు లేకుండా చిప్‌లలో డేటా దాచే డిస్క్) పెట్టిస్తున్నారు. కొందరు విండోస్ 11 కోసం బయోస్ సెట్టింగులు మార్పిస్తున్నారు. మరికొందరు సెకండ్ హ్యాండ్ ఆఫీసు కంప్యూటర్ కొని పాత డిస్క్‌ను అందులోకి మారుస్తున్నారు. ఈ మూడు పనులూ నేరుగా డిస్క్‌తోనో, కంప్యూటర్ దాన్ని వెతుక్కునే పద్ధతితోనో ముడిపడినవే. నిన్నటిదాకా బాగా నడిచిన కంప్యూటర్ ఈ మార్పు తర్వాత డిస్క్ లేదంటే, మొదట అనుమానించవలసింది డిస్క్ ఆయుష్షును కాదు, చేసిన మార్పును.

## బటన్ నొక్కాక లోపల జరిగేది

కారణాలు విడదీయాలంటే మొదటి కొన్ని సెకన్లలో ఏం జరుగుతుందో తెలియాలి. బటన్ నొక్కగానే ఎస్‌ఎంపీఎస్ అనే పవర్ సప్లై డబ్బా 230 వోల్టుల ఏసీ కరెంటును 12, 5, 3.3 వోల్టుల డీసీగా మారుస్తుంది. ఆ వోల్టేజీలు నిలకడకు వచ్చాక మదర్‌బోర్డుకు ‘పవర్ గుడ్’ అనే సంకేతం పంపుతుంది. అది అందాకే ప్రాసెసర్ కదిలి, బోర్డు మీది చిన్న చిప్‌లో ఉన్న బయోస్‌ను నడపడం మొదలుపెడుతుంది. కొత్త బోర్డుల్లో దీని పేరు యూఈఎఫ్‌ఐ. వాడుకలో రెండింటినీ బయోస్ అనే అంటారు.

బయోస్ ముందు ర్యామ్‌నూ డిస్‌ప్లేనూ సరిచూసుకుని, తర్వాత డిస్కులు తగిలించే సాటా పోర్టులను, ఎం.2 స్లాట్లను ఒక్కొక్కటిగా పలకరిస్తుంది. బడిలో హాజరు పిలిచినట్టే. పలికిన డిస్క్ తన మోడల్ పేరు, సామర్థ్యం చెబుతుంది. ఆ జాబితా తయారయ్యాక బూట్ ఆర్డర్ ప్రకారం మొదటి డిస్క్ దగ్గరకు వెళ్లి, విండోస్‌ను లేపే ఫైలు కోసం వెతుకుతుంది. పాత పద్ధతిలో ఆ సమాచారం డిస్క్ మొదటి సెక్టారులో (డేటా నిలిచే చిన్న గడిలో) ఉండే ఎంబీఆర్‌లో మొదలవుతుంది. కొత్త పద్ధతిలో ఈఎఫ్‌ఐ విభాగం అనే చిన్న భాగంలో మామూలు ఫైలుగా ఉంటుంది. ఆ ఫైలు దొరికితే బయోస్ పని అయిపోయినట్టే. అక్కడి నుంచి బాధ్యత విండోస్‌ది.

ఈ గొలుసులో ఏ లంకె తెగినా వాడుకరికి కనిపించేది నల్ల తెర మీద ఒక్క ఇంగ్లీషు వాక్యమే. ఎస్‌ఎంపీఎస్ బలహీనపడినా, కేబుల్ వదులైనా, బ్యాటరీ అయిపోయి బూట్ ఆర్డర్ చెదిరినా, డిస్క్ మోటారు తిరగకపోయినా ఆ వాక్యం దాదాపు ఒకటే. ‘డిస్క్ పోయింది’ అని తొందరపడి తేల్చేయడానికి అవకాశం ఇక్కడే ఏర్పడుతోంది.

## ముందు తేల్చుకోవలసింది: బయోస్‌లో పేరు ఉందా?

కంప్యూటర్ ఆన్ చేసిన వెంటనే డిలీట్ లేదా ఎఫ్2 మీటను పదేపదే నొక్కితే బయోస్ తెర వస్తుంది. కొన్ని బ్రాండెడ్ యంత్రాల్లో ఎఫ్10, ఎఫ్1 లేదా ఎస్కేప్ నొక్కాలి. అక్కడ స్టోరేజీ లేదా సాటా సమాచారం ఉన్న పేజీలో డిస్క్ మోడల్ పేరు, సామర్థ్యం రాసి ఉంటాయి. దీనికి స్క్రూడ్రైవర్ అక్కర్లేదు, చూసినందువల్ల డిస్క్‌లోని డేటాకు ప్రమాదమూ లేదు. రిపేరు ఎటు సాగాలో నిర్ణయించేది మాత్రం ఈ ఒక్క పేజీయే.

పేరూ సామర్థ్యమూ సరిగ్గా ఉంటే డిస్క్‌కు కరెంటు అందుతోందని, కేబుల్ పనిచేస్తోందని, డిస్క్ సర్క్యూట్ బతికే ఉందని అర్థం. పేరే లేకపోతే ఆ మూడింటిలో ఏదో ఒకటి తెగింది, లేదా డిస్క్ తగిలించిన పోర్టు పనిచేయడం లేదు. ఈ రెండూ కాక అరుదుగా మూడో స్థితి ఒకటి ఉంది. పేరు ఉంటుంది కానీ అది అసలు పేరు కాదు, లేదా సామర్థ్యం సున్నాగానో మరీ తక్కువగానో చూపుతుంది. కొన్ని చవక ఎస్‌ఎస్‌డీలు కంపెనీ పేరుకు బదులు ‘సాటాఫర్మ్ ఎస్11’ అని పలకడం దీనికి బాగా తెలిసిన ఉదాహరణ. లోపలి కంట్రోలర్ తన సాఫ్ట్‌వేర్‌ను చదువుకోలేక అత్యవసర స్థితిలోకి వెళ్లిందని దాని అర్థం. అలాంటి డిస్క్‌లోని డేటా మామూలు కేబుల్ మార్పుతో బయటకు రాదు.

## పేరు ఉన్నా విండోస్ రాకపోతే

అతి సులువైన కారణంతో మొదలుపెట్టాలి. పెన్‌డ్రైవ్, మెమరీ కార్డు రీడర్, బయటి హార్డ్ డిస్క్ తగిలించి ఉంటే తీసేసి మళ్లీ ఆన్ చేయాలి. బూట్ ఆర్డర్‌లో అవి ముందుంటే బయోస్ వాటి దగ్గరే ఆగిపోవచ్చు.

తర్వాత బోర్డు మీది గుండ్రటి బ్యాటరీ. సీఆర్2032 అనే ఈ 3 వోల్టుల బిళ్ల, ప్లగ్ పీకినప్పుడు కూడా గడియారం నడవడానికి, చాలా బోర్డుల్లో సెట్టింగులు నిలవడానికి ఆధారం. అది అయిపోయిన కంప్యూటర్ రాత్రి మెయిన్ స్విచ్ ఆపితే చాలు, పొద్దున్నే సెట్టింగులన్నీ ఫ్యాక్టరీ స్థితికి వెళ్లిపోతాయి. బయోస్‌లో తేదీ ఏళ్ల వెనక్కి వెళ్లి ఉండటం దీనికి గట్టి గుర్తు. తేదీ తప్పుగా ఉంటే బ్యాటరీ మార్చి, బూట్ ఆర్డర్ సరిచేయడంతోనే కథ ముగియవచ్చు. దుకాణం మూసేటప్పుడు మెయిన్ ఆపే అలవాటున్న చోట్ల ఈ లోపం పొద్దున్నే బయటపడి, పగలంతా కనిపించకుండా ఉంటుంది.

ఫ్యాక్టరీ స్థితికి వెళ్లడం వల్ల కలిగే నష్టం బూట్ ఆర్డర్‌తో ఆగదు. రెండు సెట్టింగులు మరీ ముఖ్యం. ఒకటి సాటా మోడ్, అంటే బోర్డు డిస్క్‌తో మాట్లాడే పద్ధతి: ఏహెచ్‌సీఐ, రెయిడ్, పాత బోర్డుల్లో ఐడీఈ. విండోస్‌ను ఏ మోడ్‌లో వేశారో అదే ఉండాలి. మారితే డిస్క్ పేరు కనిపిస్తూనే ఉంటుంది కానీ విండోస్ మొదలవుతూనే నీలి తెరతో ఆగిపోతుంది. రెండోది సీఎస్‌ఎం, అంటే పాత పద్ధతి బూట్‌ను అనుమతించే ఏర్పాటు. ఎంబీఆర్ పద్ధతిలో వేసిన విండోస్ సీఎస్‌ఎం ఆపేస్తే లేవదు. విండోస్ 11 నిబంధనల్లో యూఈఎఫ్‌ఐ, సెక్యూర్ బూట్‌కు వీలు, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉన్నాయి. వాటి కోసం డిస్క్‌ను ముందుగా ఎంబీఆర్ నుంచి జీపీటీ అనే కొత్త పద్ధతికి మార్చకుండా సీఎస్‌ఎం ఒక్కటే ఆపేస్తే కంప్యూటర్ వెంటనే బూట్ డివైస్ లేదంటుంది. డిస్క్‌లో ఒక్క ఫైలూ చెదరలేదు, వెతికే పద్ధతి మాత్రమే మారింది. సీఎస్‌ఎం తిరిగి ఆన్ చేస్తే పాత విండోస్ మళ్లీ లేస్తుంది. విండోస్‌తోనే వచ్చే ‘ఎంబీఆర్2జీపీటీ’ అనే సాధనం డేటా పోకుండా డిస్క్ పద్ధతిని మారుస్తుంది. దాన్ని నడిపి, ఆ తర్వాత సీఎస్‌ఎం ఆపడం సరైన వరుస. దానికీ ముందు బ్యాకప్ ఉండి తీరాలి.

ఎక్కువమందిని తికమక పెట్టే కారణం ఇంకొకటి ఉంది. ఒక ఫొటో స్టూడియోను ఉదాహరణగా తీసుకుందాం. పెళ్లి ఫొటోలున్న పాత హార్డ్ డిస్క్ అలాగే ఉంచి, స్పీడు కోసం కొత్త ఎస్‌ఎస్‌డీ తగిలించి, దాని మీద విండోస్ వేయించారు. వేసేటప్పుడు పాత డిస్క్ కేబుల్ తీయలేదు. అప్పటికే పాత డిస్క్ మీద బూట్ విభాగం ఉండటంతో విండోస్ ఇన్‌స్టాలర్ తన బూట్ ఫైళ్లను అందులోనే పెట్టి, మిగతా అంతా ఎస్‌ఎస్‌డీలో వేసింది. ఏడాది, రెండేళ్లు ఏ తేడా తెలియదు. ఒకరోజు పాత డిస్క్ పాడవుతుంది, లేదా దాన్ని తీసి వేరే కంప్యూటర్‌కు తగిలిస్తారు. ఆ క్షణం నుంచి కొత్త ఎస్‌ఎస్‌డీ కూడా బూట్ కాదు. బయోస్‌లో ఎస్‌ఎస్‌డీ పేరు స్పష్టంగా ఉంటుంది, అందులో విండోస్ ఫోల్డర్ చెక్కుచెదరకుండా ఉంటుంది, అయినా తెర మీద ‘నో బూటబుల్ డివైస్’. చూసినవారు ఎస్‌ఎస్‌డీ కూడా పోయిందనుకుని ఫార్మాట్‌కు దిగితే డెస్క్‌టాప్ మీద దాచుకున్న ఆల్బమ్ ఫైళ్లు నిష్కారణంగా పోతాయి. విండోస్ ఇన్‌స్టలేషన్ పెన్‌డ్రైవ్‌తో మొదలుపెట్టి, ఎస్‌ఎస్‌డీ మీద చిన్న ఈఎఫ్‌ఐ విభాగం చేసి, ‘బీసీడీబూట్’ ఆదేశంతో బూట్ ఫైళ్లను అందులోకి రాయిస్తే సరిపోయే పని అది.

కంప్యూటర్ బాగున్నప్పుడే ఈ ప్రమాదాన్ని కనిపెట్టవచ్చు. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి ఈఎఫ్‌ఐ సిస్టమ్ పార్టిషన్ ఏ డిస్క్ వరుసలో ఉందో చూడాలి. విండోస్ ఉన్న సీ డ్రైవ్ వరుసలోనే ఉంటే భయం లేదు. కొత్త విండోస్ వేసేటప్పుడు మిగతా డిస్కుల కేబుళ్లు తీసి పక్కన పెట్టడం రెండు నిమిషాల పని. ప్రతి సర్వీసు షాపూ దీన్ని నియమంగా పెట్టుకోవాలి.

బయోస్ సెట్టింగులు మార్చిన తర్వాత కొన్ని కంప్యూటర్లు 48 అంకెల రికవరీ కీ అడుగుతాయి. డిస్క్ మీద బిట్‌లాకర్ తాళం ఉన్నప్పుడు ఇలా జరుగుతుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి విండోస్ 11ను కొత్తగా వేసిన చోట, వాడుకరి ప్రత్యేకంగా కోరకపోయినా ఈ తాళం పడి ఉండవచ్చు. కీ సాధారణంగా అదే అకౌంట్‌లో భద్రమై ఉంటుంది. షాపువారి ఈ-మెయిల్‌తో అకౌంట్ తెరిచి కంప్యూటర్ అప్పగించే చోట సమస్య వస్తుంది. కీ వారి అకౌంట్‌లో ఉండిపోతుంది, యజమానికి ఆ సంగతే తెలియదు. బయోస్‌ను ముట్టుకునే ముందే కీ ఎక్కడుందో తెలుసుకోవడం తప్పనిసరి, ఎందుకంటే కీ లేకుండా ఆ డేటాను ఏ రికవరీ కేంద్రమూ చదవలేదు.

## పేరే లేకపోతే

క్యాబినెట్ విప్పే ముందు ప్లగ్ పీకి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోవాలి. ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం ఎవరూ విప్పరాదు. లోపలి కెపాసిటర్లలో 300 వోల్టులకు పైబడిన డీసీ, ప్లగ్ తీసిన తర్వాత కూడా కొంతసేపు నిలిచి ఉండవచ్చు.

సాటా డిస్క్‌కు రెండు కేబుళ్లు వస్తాయి. సన్నది 7 పిన్నుల డేటా కేబుల్, వెడల్పుది 15 పిన్నుల పవర్ కేబుల్. డేటా కనెక్టర్ చిన్నది, పట్టు తక్కువ. పదేపదే తీసి పెట్టడానికి చేసినది కాదు, సుమారు 50 సార్లు తట్టుకునేలా మాత్రమే దాని రూపకల్పన ఉంటుంది. కాబట్టి మొదట డేటా కేబుల్‌ను రెండు చివరలా తీసి గట్టిగా పెట్టడం, ఫలితం లేకపోతే వేరే కేబుల్ వేయడం, అదీ కాకపోతే బోర్డు మీద వేరే పోర్టుకు మార్చడం. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. అన్నీ ఒకేసారి మార్చి కంప్యూటర్ లేచిందంటే లోపం ఎక్కడుందో తెలియదు, వారం తర్వాత అదే మళ్లీ రావచ్చు.

పవర్ వైపు అంతకన్నా జాగ్రత్త కావాలి. పాత ఎస్‌ఎంపీఎస్‌లలో సాటా పవర్ కనెక్టర్లు తక్కువ. రెండో డిస్క్ పెట్టినప్పుడు 4 పిన్నుల మోలెక్స్ నుంచి సాటాకు మార్చే చిన్న కన్వర్టర్ వాడతారు. వైర్ల మీద ప్లాస్టిక్‌ను కరిగించి పోతపోసిన చవక కన్వర్టర్లలో పక్కపక్క వైర్లు దగ్గరపడి కాలిపోయిన సందర్భాలు తెలిసినవే. కనెక్టర్ దగ్గర పసుపు లేదా గోధుమ రంగు మరక, మాడు వాసన ఉంటే దాన్ని మళ్లీ వాడకూడదు.

కేబుల్ తప్పా, డిస్క్ తప్పా అని తేల్చడానికి డిస్క్ తానే ఒక సాక్ష్యం రాసుకుంటుంది. స్మార్ట్ అనే స్వీయ రికార్డులో 199వ నంబరు లెక్క, డేటా కేబుల్ మీదుగా వెళ్తూ చెడిపోయిన సందేశాలది. అది పెరుగుతుంటే అనుమానం ముందుగా కేబుల్, కనెక్టర్ల మీదకు వెళ్లాలి. 5, 197, 198 నంబర్లు పెరుగుతుంటే డిస్క్ పళ్లేల (లోపల తిరిగే, డేటా ఉండే గుండ్రటి పలకల) మీదే చెడ్డ సెక్టార్లు పుడుతున్నాయని అర్థం. డిస్క్ ఎప్పుడైనా ఒకసారి కనిపించినప్పుడు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వంటి ఉచిత సాధనంతో ఈ అంకెలు చూడవచ్చు. కేబుల్ మార్చాక 199వ లెక్క వెనక్కి రాదు, పెరగడం మాత్రం ఆగుతుంది. ఆగిందంటే రోగం దొరికినట్టే.

ఎం.2 స్లాట్ ఉన్న బోర్డుల్లో ఇంకో చిక్కు. చాలా బోర్డుల్లో ఎం.2 స్లాట్, ఒకటి రెండు సాటా పోర్టులు ఒకే దారిని పంచుకుంటాయి. ఎం.2లో ఎస్‌ఎస్‌డీ పెట్టగానే ఆ సాటా పోర్టు మూగబోతుంది, దానికి తగిలించిన పాత డిస్క్ మాయమవుతుంది. ఏ పోర్టులు ఆగిపోతాయో బోర్డు మాన్యువల్‌లో ఉంటుంది. డిస్క్‌ను పక్క పోర్టుకు మారిస్తే చాలు. ఎం.2 ఎస్‌ఎస్‌డీల్లోనూ సాటావి, ఎన్‌వీఎంఈవి అని రెండు రకాలు. చూపుకు దాదాపు ఒకేలా ఉన్నా, సాటా రకాన్ని మాత్రమే అంగీకరించే స్లాట్‌లో ఎన్‌వీఎంఈ పెడితే కనిపించదు. 2011 నాటి హెచ్61 వంటి పాత బోర్డుల మీద అడాప్టర్ కార్డుతో ఎన్‌వీఎంఈ పెట్టినా, విండోస్ లోపలికి వెళ్లాక అది కనిపిస్తుంది కానీ బూట్ కాదు. దాన్ని చదివే డ్రైవర్ ఆ బయోస్‌లో లేదు. అలాంటి బోర్డుకు మామూలు 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీయే సరైనది.

బయోస్‌లో కనిపించి, విండోస్ ఇన్‌స్టాలర్‌లో మాత్రం కనిపించని డిస్కులూ ఉంటాయి. ఇంటెల్ 11వ తరం, ఆ తర్వాతి యంత్రాల్లో వీఎండీ అనే ఏర్పాటు ఆన్‌లో ఉంటే ఇలా జరుగుతుంది. దాని డ్రైవర్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి ఇన్‌స్టాలర్‌కు చూపాలి, లేదా కొత్తగా విండోస్ వేస్తున్న యంత్రమైతే వీఎండీ ఆపాలి.

## పొద్దున రాదు, మూడోసారికి వస్తుంది

ఈ లక్షణాన్ని తేలిగ్గా తీసుకుంటారు కాబట్టి కాస్త నిదానంగా చూడాలి. పొద్దున్నే ఆన్ చేస్తే డిస్క్ లేదంటుంది. కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మీటలు నొక్కి ఒకటి రెండుసార్లు మళ్లీ మొదలుపెడితే వచ్చేస్తుంది. ఆ రోజంతా ఏ ఇబ్బందీ ఉండదు.

3.5 అంగుళాల హార్డ్ డిస్క్‌లో మోటారుకు 12 వోల్టులు, సర్క్యూట్‌కు 5 వోల్టులు కావాలి. ఆగి ఉన్న పళ్లేలను తిప్పడం మొదలుపెట్టే క్షణంలో 12 వోల్టుల లైను మీద రెండు ఆంపియర్ల వరకు గుంజుతుంది. తిరుగుతున్న పళ్లేలను తిప్పుతూ ఉండటానికి అందులో కొద్ది భాగం చాలు. పూర్తి వేగం అందుకుని సిద్ధంగా ఉన్నానని చెప్పడానికి డిస్క్‌కు కొన్ని సెకన్లు పడుతుంది. ఏళ్లు నడిచిన ఎస్‌ఎంపీఎస్‌లో కెపాసిటర్లు ఎండిపోయి ఉంటే, చల్లగా ఉన్నప్పుడు ఆ మొదటి గుంజుకు వోల్టేజీ కుంగుతుంది. మోటారు నెమ్మదిస్తుంది, బయోస్ ఇచ్చిన గడువు అయిపోతుంది, జాబితాలో పేరు ఎక్కదు. మళ్లీ మొదలుపెట్టేసరికి పళ్లేలు తిరుగుతూనే ఉన్నాయి, కెపాసిటర్లు వేడెక్కాయి. అందుకే పేరు పలుకుతుంది.

బయోస్‌లో ‘ఫాస్ట్ బూట్’ ఆన్‌లో ఉంటే ఆ గడువు ఇంకా తగ్గవచ్చు. దాన్ని ఆపి చూడటం మొదటి పరీక్ష. ఫాస్ట్ బూట్ ఆపాక సమస్య పోయినా, డిస్క్ లేవడానికి మునుపటికన్నా ఎక్కువ సమయం తీసుకుంటోందన్న నిజం మిగిలే ఉంటుంది. తర్వాత, బాగున్న వేరే హార్డ్ డిస్క్‌ను అదే పవర్ కేబుల్‌కు తగిలించి పొద్దున్నే చూడాలి. అదీ రాకపోతే తప్పు ఎస్‌ఎంపీఎస్‌ది. అది బాగా వచ్చి పాత డిస్క్ మాత్రమే రాకపోతే మోటారో, బేరింగో అలసిపోయింది. 12 వోల్టుల లైను ప్రమాణాల ప్రకారం 11.4 నుంచి 12.6 మధ్య ఉండాలి. మల్టీమీటర్ ఉన్నవారు డిస్క్ తిరగడం మొదలుపెట్టే క్షణంలో కొలవాలి, ఖాళీగా ఉన్నప్పుడు కొలిచిన అంకె ఏమీ చెప్పదు. 2.5 అంగుళాల ఎస్‌ఎస్‌డీ 5 వోల్టులతోనే నడుస్తుంది కాబట్టి 12 వోల్టుల లోపం దానికి తెలియదు. ఎస్‌ఎస్‌డీ వస్తూ, దాని పక్కన హార్డ్ డిస్క్ మాత్రం రాకపోవడానికి ఇది ఒక కారణం.

మూడోసారికి వస్తోంది కదా అని వాడుకుంటూ పోవడం పెద్ద పొరపాటు. డిస్క్ కనిపిస్తున్న రోజులే డేటా బయటకు తీసుకోవడానికి మిగిలిన సమయం.

## డిస్క్ తగిలిస్తే కంప్యూటరే ఆన్ కాకపోతే

డిస్క్ కేబుల్ తీస్తే కంప్యూటర్ ఆన్ అవుతుంది, పెడితే ఫ్యాన్ ఒక్క క్షణం కదిలి ఆగిపోతుంది. పిడుగు పడినప్పుడో, ఎస్‌ఎంపీఎస్ చెడి వోల్టేజీ ఎగసినప్పుడో ఇలా జరగవచ్చు. హార్డ్ డిస్క్ సర్క్యూట్ మీద కరెంటు లోపలికి వచ్చే చోట టీవీఎస్ డయోడ్ అనే చిన్న కాపలా భాగం ఉంటుంది. అధిక వోల్టేజీ వస్తే తాను షార్ట్ అయి మిగతా సర్క్యూట్‌ను కాపాడుతుంది. ఆ షార్ట్‌ను గమనించి ఎస్‌ఎంపీఎస్ తనను తాను ఆపేసుకుంటుంది. చూడటానికి భయంగా ఉన్నా ఇది చాలా వైఫల్యాల కన్నా మేలు, పళ్లేల మీది డేటా చాలాసార్లు క్షేమంగా ఉంటుంది. ఎలక్ట్రానిక్స్ తెలిసినవారు ఆ భాగాన్ని సరిచేయగలరు. అదే మోడల్ డిస్క్ నుంచి సర్క్యూట్ బోర్డు తీసి బిగించే పాత చిట్కా మాత్రం ఇప్పటి డిస్కుల్లో సాధారణంగా పనిచేయదు. ప్రతి డిస్క్‌కూ ప్రత్యేకమైన కొలతలు దాని బోర్డు మీది చిప్‌లో ఉంటాయి, ఆ చిప్‌ను కూడా మార్చాలి.

## ఎండ, వాన, కరెంటు

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలు. గోడకు ఆనించి, బల్ల కింద దుమ్ములో ఉన్న క్యాబినెట్ లోపల అంతకన్నా ఎక్కువే ఉంటుంది. ఎస్‌ఎంపీఎస్ కెపాసిటర్లను ముందుగా దెబ్బతీసేది ఈ వేడే. అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు ఈశాన్య రుతుపవనాల తేమ కనెక్టర్ల మీద పొర కట్టిస్తుంది. ఎండలో బలహీనపడిన ఎస్‌ఎంపీఎస్ ఆ చల్లని ఉదయాల్లోనే మొండికేయడంలో వింత లేదు.

2021 నవంబర్‌లో తిరుపతిని ముంచెత్తిన వరదల వంటి సమయంలో నీరు తాకిన డిస్క్‌ను ‘ఆరింది కదా’ అని కరెంటుకు కలపకూడదు. మామూలు హార్డ్ డిస్క్‌కు గాలి ఆడే చిన్న రంధ్రం ఉంటుంది. దాని ద్వారా తేమో, బురదో లోపలికి చేరి ఉంటే పళ్లేలు తిరిగిన మొదటి నిమిషంలోనే డేటా గీసుకుపోతుంది.

కరెంటు విషయంలో యూపీఎస్‌కూ ఇన్వర్టర్‌కూ తేడా గమనించాలి. సరఫరా ఆగాక ఎస్‌ఎంపీఎస్ తనలోని నిల్వతో నెట్టుకురాగలిగేది సెకనులో అరవయ్యో వంతు మాత్రమే. యూపీఎస్ ఆ లోపే బ్యాటరీకి మారుతుంది. ఫ్యాన్లు, లైట్ల కోసం సాధారణ మోడ్‌లో పెట్టిన ఇన్వర్టర్ అంతకన్నా ఆలస్యంగా మారితే కంప్యూటర్ ఆగి మళ్లీ మొదలవుతుంది. ప్రతి కోతకూ ఇలా జరిగితే డిస్క్ రాస్తున్న పని సగంలో తెగుతుంది. హార్డ్ డిస్క్‌లో కొన్ని ఫైళ్లు చెడవచ్చు. ఎస్‌ఎస్‌డీలో అయితే ఏ డేటా ఏ చిప్‌లో ఉందో చెప్పే పట్టికే చెదిరి, డిస్క్ మొత్తం పలకకుండా పోవచ్చు.

## రెండు రకాల డిస్కులు, రెండు రకాల ముగింపులు

హార్డ్ డిస్క్ చాలావరకు ముందుగా సూచన ఇస్తుంది. నెమ్మదిస్తుంది, ఫైలు తెరవడానికి తడుముకుంటుంది, చప్పుడు చేస్తుంది. టక్ టక్ మని లయగా చప్పుడు వస్తుంటే చదివే హెడ్ దెబ్బతిన్నదని అనుకోవాలి. అప్పుడు చేయవలసింది ఒక్కటే, కరెంటు తీసేయడం. మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూసే ప్రతిసారీ పళ్లేల మీద గీతలు పడే ప్రమాదం పెరుగుతుంది. చప్పుడు లేకుండా చెడ్డ సెక్టార్లు మాత్రమే ఉంటే, లినక్స్ పెన్‌డ్రైవ్‌తో మొదలుపెట్టి ‘డీడీరెస్క్యూ’తో మొత్తం డిస్క్‌ను మరో డిస్క్ మీదకు నకలు తీయాలి. అది బాగున్న భాగాలను ముందు చదివి, మొండి భాగాలను చివరికి వదిలేస్తుంది. విండోస్ చెక్ డిస్క్ అలా చేయదు, పాడవుతున్న డిస్క్ మీదే దిద్దుబాట్లు రాస్తుంది. డేటా కావలసిన డిస్క్ మీద నకలు తీయకముందే చెక్ డిస్క్ నడపడం ప్రమాదకరం.

ఎస్‌ఎస్‌డీ ఇంత ముందుచూపు ఇవ్వదు. రాత్రి బాగుండి పొద్దున్నే మాయం కావచ్చు. ఒక ప్రయత్నానికి మాత్రం ఖర్చు లేదు. హఠాత్తుగా కరెంటు పోయాక కనిపించని ఎస్‌ఎస్‌డీకి డేటా కేబుల్ తీసి, పవర్ మాత్రమే ఇచ్చి సుమారు 20 నిమిషాలు వదిలేయడం, 30 సెకన్లు ఆపి మరోసారి అలాగే చేయడం. తయారీదారులు కూడా సూచించిన పద్ధతే ఇది. చెదిరిన పట్టికను కంట్రోలర్ ఆ వ్యవధిలో తిరిగి కట్టుకోగలిగితే డిస్క్ మళ్లీ పలుకుతుంది. పలికితే ముందు బ్యాకప్, తర్వాతే మిగతా పని.

## షాపుకు ఇచ్చేటప్పుడు

హెడ్ మార్చడం వంటి పని దుమ్ము లేని ప్రత్యేక గదిలోనే జరగాలి. మామూలు సర్వీసు షాపులో డిస్క్ మూత విప్పనివ్వకూడదు, అలాంటి డిస్క్‌ను చెన్నై, బెంగళూరు వంటి నగరాల్లోని రికవరీ కేంద్రాలకు పంపడమే మార్గం. మిగతా లోపాల్లో ఎక్కువ భాగం స్థానికంగా సరిచేయగలిగేవే. షాపువారికి ‘కంప్యూటర్ రావడం లేదు’ అని కాక, చూసినది చూసినట్టు చెప్పాలి: బయోస్‌లో పేరు ఉందో లేదో, పొద్దున మాత్రమే ఇబ్బందో రోజంతానో, ఇటీవల ఏం మార్చారో. తెర మీది సందేశాన్ని, బయోస్ పేజీని ఫోనులో ఫొటో తీసి చూపితే ఇంకా మంచిది.

రసీదు మీద ‘డేటా కావాలి, అడగకుండా ఫార్మాట్ చేయవద్దు’ అని రాయించుకోవాలి. విండోస్ తిరిగి వేసి ఇస్తే షాపువారి లెక్కలో రిపేరు పూర్తయినట్టే, చెరిగిన ఖాతాల నష్టం మాత్రం మండీదే, స్టూడియోదే. డిస్క్ లేబుల్ మీది సీరియల్ నంబరును కూడా అదే రసీదులో రాయించి, తిరిగి తీసుకునేటప్పుడు సరిచూసుకోవాలి. వారంటీలో మార్చి ఇచ్చే కంపెనీ పాత డిస్క్‌ను తానే ఉంచుకుంటుంది, డేటాను తిరిగి ఇవ్వదు. డేటా ముఖ్యమైతే రికవరీ సంగతి తేలేదాకా డిస్క్‌ను వారంటీకి పంపకుండా దగ్గరే ఉంచుకోవాలి.